పాయింట్ రెండు ఆరు

ఉద్యోగ విరమణకు అరవై ఒక్క రోజులు మిగిలి ఉండగా మైక్రాన్ గారికి ఈ భూమ్మీద ఒకే ఒక్క కోరిక ఉండేది. పంతొమ్మిదేళ్ళుగా తాను సాకుతూ వచ్చిన లెక్కను కంపెనీ తన లెక్కగా ఒప్పుకోవాలి. అంతే. దండలు వద్దు, గోడ గడియారం వద్దు, వేదికెక్కి నలుగురూ అబద్ధాలాడనక్కర్లేదు. డిజైన్ నియమావళి ఏడో పేజీలో "సీలు లీకును ఈ పద్ధతిలో అంచనా కట్టవలెను" అని ఒక్క వాక్యం పడితే చాలు, ఆయన సుఖంగా ఇంటికెళ్ళి కూర్చుంటాడు. పడకపోయినా ఇంటికెళ్ళి కూర్చోవడం ఎలాగూ తప్పదు. సుఖం సంగతే తేలాలి.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుందని జీతాల విభాగానికి మాత్రమే తెలుసు. మీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రాన్. నోరు విప్పితే చాలు ఆ ముక్కను తలుచుకుంటాడు గనుక ఫ్యాక్టరీ అంతా ఆయన్ని అలాగే పిలిచేది. ఎదురుగా 'గారు' ఉండేది, చాటున రాలిపోయేది.

ఆ ఫ్యాక్టరీ సీళ్ళు తయారుచేస్తుంది. మట్టి తవ్వే యంత్రం చెయ్యెత్తాలన్నా, చెత్త బండి తన తొట్టిని ఒంచాలన్నా వాటికి హైడ్రాలిక్ సిలిండర్ కావాలి. ఒక గొట్టంలోకి నూనెను ఒత్తిడితో పంపుతారు. ఆ ఒత్తిడికి ఒక ఉక్కు రాడ్డు బయటికొస్తుంది, మళ్ళీ లోపలికి పోతుంది. రాడ్డుతో పాటు నూనె కూడా షికారుకు బయల్దేరకుండా గుమ్మం దగ్గర ఒక మెత్తటి ఉంగరం కాపలా కాస్తుంది. అదే సీలు.

కాపలా అన్నామని అది నూనెను బొత్తిగా రానివ్వదనుకోకూడదు. రాడ్డు బయటికొస్తూ వెంట్రుకలో నూరో వంతు కూడా లేని నూనె పొరను ఒంటికి పూసుకుని వస్తుంది. తిరిగి పోతూ దాన్ని తీసుకుపోతుంది. తెచ్చిందంతా తీసుకుపోతే లీకు లేదు. కొంత వదిలేసిపోతే అదే లీకు. అసలు పొరే లేకపోతే సీలు పొడిగా రాసుకుని, అరిగి, చస్తుంది. "బొత్తిగా కారని సీలు చచ్చిన సీలు" అన్నది మైక్రాన్ గారి మహావాక్యం. దీన్ని ఆయన పెళ్ళిళ్ళలోనూ, పరామర్శకు వెళ్ళిన ఇళ్ళలోనూ కూడా వినిపించేవాడు. పరామర్శల్లో దానికి తగిన ఆదరణ దొరికేది కాదు.

ఆ పొర ఎంత మందమో, రోజుకు ఎంత నూనె వెనక్కి రాకుండా బయటే ఉండిపోతుందో చూడకుండానే చెప్పడం ఆయన మోడల్ పని. సీలు ఎంత గట్టిగా నొక్కుతుంది, ఆ నొక్కుడు ఏ అంచున ఎంత నిటారుగా పెరుగుతుంది, రాడ్డు ఎంత గరుకు, నూనె ఎంత చిక్కన, ఎంత వేగం - అన్నీ కంప్యూటర్‌కు అప్పజెప్పాలి. ఒత్తిడికి సీలు ఒంగుతుంది. ఒంగితే పొర మారుతుంది. పొర మారితే ఒత్తిడి మారుతుంది. ఒత్తిడి మారితే సీలు ఇంకోలా ఒంగుతుంది. ఇరుపక్షాలూ రాజీకొచ్చేదాకా కంప్యూటర్ తిరుగుతూనే ఉండాలి. "అచ్చం మా ఇంట్లోలాగే. కాకపోతే ఇక్కడ రాజీ కుదురుతుంది" అనేవాడు.

మోడల్ పుట్టిన మొదటి ఏడాది ఒక జవాబు చెప్పింది: ఎనిమిది గంటల షిఫ్టుకు పదకొండు పాయింట్ ఎనిమిది గ్రాముల లీకు. కింద టెస్టు రూములో అదే సీలును మెషిన్‌కు బిగించి, షిఫ్టంతా రాడ్డును ఆడించి, గుమ్మం కింద పెట్టిన గిన్నెలోకి ఎంత కారిందో తూస్తే మూడు గ్రాములు. మళ్ళీ ఆడించారు. మూడే. సీలు మార్చారు. మోడల్ ఎనిమిదంది, గిన్నె రెండంది. మోడల్ ఏం కూసినా గిన్నె అందులో పావు వంతు దగ్గర నిలబడి నవ్వేది.

ఆ ఏడాది మైక్రాన్ గారు చిక్కి సగమయ్యాడు. గిన్నె అబద్ధమాడుతుందని మాత్రం ఆయన ఒక్కసారి కూడా అనుకోలేదు. వస్తువుది తప్పు కాదు, మనిషిదే తప్పు అనుకునేంత వినయం ఆయనకు ఉండేది. మనిషిని నిలువునా ముంచడానికి అలాంటి సద్గుణం ఒకటి చాలు. మూడేళ్ళు తపస్సు చేసి ఆయన తన సమీకరణంలో ఒక గుణకం కలిపాడు. రాడ్డు మీద కంటికి కనపడని గీతలుంటాయి, ఆ లోయల్లో నూనె దాక్కుంటుంది, దాక్కున్నది దాక్కున్నట్టే ఇంటికి తిరిగిపోతుంది అని దానికో సిద్ధాంతం. గుణకం విలువ పాయింట్ రెండు ఆరు. నలభై పేజీల వ్యాసం రాసి ఒక సభలో చదివితే ఒకాయన లేచి "అద్భుతం!" అన్నాడు. ఆయన పక్క హాల్లో సభ అనుకుని వచ్చాడని తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచీ మోడల్ ఏం చెబితే గిన్నె అదే చెప్పింది. పదహారేళ్ళు. సంసారాల్లో కూడా అంత సామరస్యం ఉండదు.

లెక్కల గది పైన, టెస్టు రూము కింద. మధ్య ఇరవై రెండు ఇనప మెట్లు. కింద మెషిన్ దగ్గరున్నది ఆయన భార్య తమ్ముడు. పంతొమ్మిదేళ్ళ కిందట పనీపాటా లేకుండా తిరుగుతుంటే మైక్రాన్ గారే తీసుకొచ్చి అక్కడ పెట్టించాడు. "ఫలానా వారి బావమరిది" అని మొదట్లో వెటకారంగా అనేవారు. క్రమంగా వెటకారం అరిగిపోయి పదవి మిగిలింది. ఇప్పుడు గేటు దగ్గర కాపలావాడి నుంచి డైరెక్టర్ దాకా అందరికీ అతను బావమరిదే. భార్య పోయాక అక్కాబావల ఇంట్లోనే వెనక గదిలో ఉంటున్నాడు. మాట తక్కువ, శుభ్రత ఎక్కువ. సీళ్ళ ఫ్యాక్టరీలో నూనె మరక కనపడటం వైద్యుడి ఇంట్లో దగ్గు వినపడటం లాంటిది. ఎవరూ ఏమీ అనరు గానీ అందరూ వింటారు. బావమరిది మెషిన్ మీద ఆ దగ్గు ఎన్నడూ వినపడలేదు.

ఆ ఇంట్లో సాయంత్రాలు ఒక నీలం బకెట్ గురించి గొడవ జరిగేది. బావమరిది రోజూ మూడు నాలుగు జిడ్డు గుడ్డలు తెచ్చి పెరట్లో అందులో నానేసేవాడు. ఫ్యాక్టరీ ఇచ్చే దూదికి పోగులు ఊడి సీలుకు చుట్టుకుంటాయని పాత దుప్పట్లు చింపి ఇంటి నుంచే తీసుకెళ్ళేవాడు. ఉతకడం అక్క వంతు.

"ఏమండీ, మీ మెషిన్ ఎంత కారుతుందో ఓసారి కనుక్కోకూడదూ?" అనేది ఆవిడ, మోచేతుల దాకా నురగతో.

"రోజుకు మూడు గ్రాములు. రుజువైపోయింది."

"మూడు గ్రాములకి ఇంత సబ్బా?"

"అది లీకు కాదే, మెషిన్ అన్నాక జిడ్డుండదూ?" అని మైక్రాన్ గారు పేపరు తిప్పేవాడు. ఇది పంతొమ్మిదేళ్ళు నడిచింది. పిల్లలు లేని ఇల్లు. మాట్లాడుకోవడానికి ఏదో ఒకటుండాలి.

సరే, అరవై ఒక్క రోజులు. కొత్త డైరెక్టర్ వయసులో చిన్నవాడు, నడకలో కూడా పరుగే. "మైక్రాన్ గారూ, ముప్పై పనిరోజులు టెస్టు పెడదాం. మీ అంకె ముందే కవరులో పెట్టి సీలు వేసివ్వండి" అని, తను వేసిన హాస్యానికి తనే నవ్వాడు. "రోజూ గిన్నె మీ అంకెకు పది శాతం అటూ ఇటూలో ఉంటే మోడల్ పాస్. ఇక కొత్త సీళ్ళకు టెస్టులే అక్కర్లేదు. మెషిన్ ఆపేద్దాం."

కవరులో అంకె: మూడు పాయింట్ ఒకటి. మొదటి పది రోజులూ గిన్నె మూడుకీ మూడుంపావుకీ మధ్య బుద్ధిగా కూర్చుంది. మెషిన్ షాపువాళ్ళు మెట్ల దగ్గర ఎదురుపడి "ఏడో పేజీ గారూ, బాగున్నారా" అనేవారు. ఆయన కోప్పడలేదు.

పదకొండో రోజు బావమరిదికి కంటి ఆపరేషన్. ఆరు నెలలు ఎదురుచూస్తే ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన తేదీ అది, జరపడానికి లేదు. అతని స్థానంలో క్వాలిటీ విభాగం నుంచి ఒకమ్మాయి వచ్చింది. మైక్రాన్ గారు స్వయంగా ఇరవై రెండు మెట్లూ దిగి ఆ అమ్మాయికి ఉపదేశం చేశాడు. "చూడమ్మా, దేన్నీ ముట్టుకోకు. మెషిన్ దాని పని అది చేసుకుంటుంది. సాయంత్రం గిన్నె తూచు, రిజిస్టర్లో రాయి, ఇంటికెళ్ళు."

అమ్మాయి చెప్పింది చెప్పినట్టు చేసే రకం. ఆ సాయంత్రం పైకొచ్చింది.

"సార్, పదకొండు పాయింట్ ఆరు."

"ఏమిటది, టైమా?"

"గ్రాములండీ."

మర్నాడు పన్నెండు పాయింట్ ఒకటి. ఆ తర్వాత పదకొండు పాయింట్ తొమ్మిది. మైక్రాన్ గారు తాసును అనుమానించి తన పెన్ను తూచాడు. పెన్ను ఎప్పటి బరువే ఉంది. నూనె మార్పించాడు. సీలు విప్పించి పెదవి అంచును భూతద్దంతో చూశాడు, పుట్టిననాటి నిగారింపు. రాడ్డు గరుకుతనం కొలిపించాడు, నూనె వేడి కొలిపించాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఒక్క లీకే సక్రమంగా లేదు. మెషిన్ షాపువాళ్ళు "ఇవాళ గిన్నె చాలిందా సార్, బిందె పంపమంటారా?" అని అడిగారు. ఏడో పేజీ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆరు రోజులకు ఆయన మొహం చూడలేకుండా అయింది. అన్నం కలిపి వదిలేసేవాడు. బస్సులో తన స్టాపు దాటిపోయి రెండుసార్లు వెనక్కి నడిచొచ్చాడు. కంటికి ఆకుపచ్చ కప్పు పెట్టుకుని పడుకున్న బావమరిదికి ఏమీ చెప్పలేదు. ఆ కంటికి నీళ్ళు రాకూడదని డాక్టరు చెప్పాడు.

ఆరో రోజు భోజనాల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. అక్క తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ అంది:

"వీడు మంచం ఎక్కాడని బాధే గానీ, నా చేతులు మాత్రం తెరిపిన పడ్డాయండీ. వారం నుంచి బకెట్ బోర్లించే ఉంది."

"ఏ బకెట్?" అన్నాడు మైక్రాన్ గారు, ఏదో ఒకటి అనాలని.

"అదేనండీ, వీడి గుడ్డల బకెట్."

బావమరిది కంచంలోంచి తలెత్తాడు. "అదేమిటక్కా, ఆ అమ్మాయి గుడ్డలు ఎవరు ఉతుకుతున్నట్టు? బావా, ఆ పిల్ల రాడ్డు తుడుస్తోందా లేదా?"

"తుడవడం ఏమిటి?"

"తుడవకపోతే ఎట్లా బావా! నూనె ఉంగరంలా కట్టి చుక్కలు చుక్కలుగా జారుతుంది గదా. చూడ్డానికే అసహ్యం."

మైక్రాన్ గారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "రోజుకి ఎన్నిసార్లు తుడుస్తావు నువ్వు?"

"లెక్కేముంది, చెయ్యి ఊరుకోదు. అరగంటకోసారి. మీరు మెట్లు దిగే చప్పుడైతే ఇంకోసారి."

"నేను దిగితే ఎందుకయ్యా?"

"పెద్దవారు గదా. మీ ముందు మురికి మెషిన్ పెట్టనా?"

"ఎప్పట్నుంచి?"

"చేరిన రోజు నుంచి. మీరే గదా చెప్పారు."

"నేనా!"

"నా పరువు తియ్యకు, మెషిన్ అద్దంలా ఉంచు అన్నారు. గేటు దగ్గర. నాకు బాగా గుర్తు." బావమరిది గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "పంతొమ్మిదేళ్ళు, బావా. ఒక్క రోజు మాట పడనిచ్చానా?"

అక్క నెమ్మదిగా అంది: "నేను చెప్తూనే ఉన్నాను. మూడు గ్రాములకి అంత సబ్బు పట్టదని. విన్నారా?"

బావమరిదికి విషయం అప్పుడు అందింది. గిన్నెలోకి పోవాల్సింది గుడ్డలోకి పోయింది. "బావా, నావల్ల ఏమన్నా..." అని ఆగి, కప్పు లేని కన్ను నలుపుకున్నాడు. "ఏడవొద్దన్నాడు డాక్టరు" అన్నాడు, ఎవరో ఏడవమని బలవంతం చేస్తున్నట్టు.

మైక్రాన్ గారికి అతన్ని తిట్టాలనిపించింది. తిట్టడానికి తగిన మాట కోసం వెతికితే, గేటు దగ్గర తను అన్న మాటే దొరికింది. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే లెక్కల గదిలో ఇనప బీరువా అడుగు అర నుంచి మొదటి ఏడాది నోటుపుస్తకం తీశాడు. అట్ట ఊడింది. తన చేతిరాతే, కాకపోతే అక్షరాలు ఇంకా నిటారుగా ఉన్నాయి. పదకొండు పాయింట్ ఎనిమిది. దాని కింద ఎర్ర సిరాతో "తప్పు" అని రాసి రెండు గీతలు కొట్టి ఉంది. ఆ ఎర్ర సిరా కూడా తనదే.

మనిషి జీవితమంతా తప్పు చేసి ఆఖర్న తెలుసుకోవడం మామూలు విషాదం. దానికి ఓదార్పులు సిద్ధంగా ఉంటాయి. మైక్రాన్ గారికి ఆ సదుపాయం కూడా లేదు. ఆయన నలభయ్యో ఏట ఒప్పు చేశాడు. మిగతా ఉద్యోగమంతా, సెలవులు కూడా వాడుకోకుండా, ఆ ఒప్పును దిద్దాడు. లోయలూ లేవు, వాటిల్లో దాక్కున్న నూనే లేదు. నలభై పేజీల్లో ఆయన వర్ణించింది ఒక చింపిన దుప్పటి ముక్కను.

అంతటితో పోయినా బాగుండేది. అదే బీరువాలో పై అరలో ఫిర్యాదుల ఫైలుంది. సీలు కారుతోందని ఎవరు రాసినా జవాబు రాసే భారం ఆయనదే, శాస్త్రీయంగా ఉంటుందని. "మా సీలు సక్రమమైనది. మీ బిగింపు సక్రమమైనది కాదని తెలియజేయుటకు చింతిస్తున్నాము." అలాంటివి రెండు వందల పైచిలుకు. బళ్ళు బాగుచేసే షెడ్డువాడు ఒకడు, బళ్ళను పైకెత్తే లిఫ్టు ఒక్కటి పెట్టుకుని బతికేవాడు, రాశాడు: "అయ్యా, మూడుసార్లు విప్పి బిగించాను. నేను అబద్ధం ఆడటం లేదు. నేల ఫొటో కూడా పంపుతున్నాను." ఫొటోలో నేల నల్లగా మెరుస్తోంది. ఆ ఫొటోకు ఆయన పన్నెండు వాక్యాలూ ఒక గ్రాఫూ జవాబుగా పంపాడు. గ్రాఫులో పాయింట్ రెండు ఆరు ఉంది. షెడ్డువాడు మళ్ళీ రాయలేదు. సంతృప్తి చెందాడని ఫైలు మూసేశారు.

మైక్రాన్ గారు ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. తర్వాత దాన్నీ నోటుపుస్తకాన్నీ చంకన పెట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్ళాడు.

"క్లుప్తంగా చెప్పండి" అన్నాడు డైరెక్టర్.

"మోడల్ తప్పండీ. అంటే మొదటిది కరెక్టు. ఇప్పటిది తప్పు. గుణకం తీసెయ్యాలి."

మొత్తం విన్నాడు డైరెక్టర్. తెలివైనవాడు, రెండోసారి చెప్పించుకోలేదు. "అంటే, తుడిస్తే మీ మోడల్‌తో గిన్నె కలుస్తుంది."

"తుడిస్తే కలుస్తుంది."

"అయితే తుడవండి."

"సార్, తుడిచినంత మాత్రాన లీకు..."

"మైక్రాన్ గారూ, కాటలాగులో ఇన్నాళ్ళూ ఏ అంకె వేశాం?"

"తుడిచిన అంకె."

"గుణకం తీసేస్తే మనం అమ్మిన ప్రతి సీలూ చెప్పినదానికి నాలుగింతలు కారుతోందని మనమే ఊరంతా చాటినట్టు. ఉంచితే, మీ మోడల్ ఏడో పేజీలో ఉంటుంది. మీకు కావలసిందీ అదేగా?"

మైక్రాన్ గారు ఫొటోను బల్ల మీద పెట్టాడు. డైరెక్టర్ దాన్ని మర్యాదగా చూసి, "నేల కడగొచ్చు గదా వీళ్ళు" అన్నాడు.

ఆ వారమే టెస్టు పద్ధతికి సవరణ వచ్చింది. నాలుగో అంశం: రాడ్డును ప్రతి అరగంటకూ శుభ్రమైన నూలు గుడ్డతో తుడవవలెను. గిన్నె పొంగిన రోజులన్నీ 'శుభ్రతా లోపం' కింద కొట్టేశారు. క్వాలిటీ అమ్మాయి చేతికి గుడ్డ ఇచ్చారు. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, పైకొచ్చి మైక్రాన్ గారిని అడిగింది: "సార్, తుడిస్తే లీకు తగ్గినట్టా?"

పంతొమ్మిదేళ్ళలో ఆయన్ని అడగవలసిన ప్రశ్న అదొక్కటే. అడిగిన మొదటి మనిషి ఈ అమ్మాయే. "పద్ధతిలో రాశారమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం గిన్నె మూడు పాయింట్ ఒకటి చూపించింది.

ఆయన తన అసమ్మతిని ఆరు పేజీల్లో రాసి పంపాడు. అందినట్టు రసీదు వచ్చింది. కమిటీ కూర్చుని, మోడల్‌ను ఏకగ్రీవంగా ఆమోదించి, ఆయన సేవలకు గుర్తుగా పాయింట్ రెండు ఆరుకు 'మైక్రాన్ గుణకం' అని నామకరణం చేసింది. "దయచేసి వద్దు" అని ఆయన చేతులు జోడించాడు. వినయం అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆఖరి రోజు వచ్చింది. మైక్రాన్ గారికీ ఆఖరిదే, టెస్టు మెషిన్‌కూ ఆఖరిదే. లెక్క ఉండగా రేపట్నుంచి దాన్ని ఆడించే పని లేదు. ఇక ఆ లెక్కను తప్పని చూపించగల వస్తువు ఫ్యాక్టరీలో ఉండదు. వారం కిందట తిరిగొచ్చిన బావమరిదిని మర్నాటి నుంచి ప్యాకింగ్‌లోకి రమ్మన్నారు.

పొద్దున్నే మైక్రాన్ గారు కిందికి దిగాడు. మెట్ల చప్పుడుకు బావమరిది చెయ్యి గుడ్డ మీదికి పోయి, మధ్యలో ఆగింది.

"తుడవనా, మాననా బావా?"

"తుడువు. ముందా గుడ్డలు ఇటివ్వు."

పొడి గుడ్డలు నాలుగూ తాసులో పెట్టి, బరువు అరచేతి మీద రాసుకున్నాడు. ఆ రోజు పైకి వెళ్ళలేదు. స్టూలు లాక్కుని మెషిన్ పక్కనే కూర్చున్నాడు. రాడ్డు బయటికొచ్చింది, లోపలికి పోయింది. గుమ్మం దగ్గర నూనె సన్నటి ఉంగరంలా కట్టింది, లావెక్కింది, కింది వైపు బరువుగా వేలాడింది. బావమరిది కొత్త కంటితో దాన్ని చూసి నొచ్చుకున్నాడు.

"ఇంత ఉంటుందా బావా? ఇన్నాళ్ళూ మసగ్గా ఉండి అంతగా తెలీలేదు. తెలిసుంటే ఇంకా ఎక్కువసార్లు తుడిచేవాణ్ణి."

మైక్రాన్ గారు నవ్వబోయాడు. రాలేదు.

సాయంత్రం గిన్నె తూచారు. మూడు. గుడ్డలు తూచి పొడి బరువు తీసేశారు. ఎనిమిది పాయింట్ ఎనిమిది. మైక్రాన్ గారు కూడలేదు. కూడవలసిన అవసరం ఆయనకు లేదు. బావమరిది వేళ్ళ మీద కూడాడు.

"పదకొండు పాయింట్ ఎనిమిది" అన్నాడు. రిజిస్టరు తెరిచి, పెన్ను పట్టుకుని, అడ్డగీతల మీద వేలు నడిపించాడు. తేదీకి గడి ఉంది, సీలుకు ఉంది, నూనె వేడికి ఉంది, గిన్నెకు ఉంది. "గుడ్డకి గడి లేదు బావా. ఎక్కడ రాయమంటారు?"

"ఎక్కడా వద్దు. గిన్నె రాసి మూసెయ్యి."

మూడు అని రాసి మూసేశాడు. మెషిన్ ఆపారు. రాడ్డు లోపలికి పోయి ఆగింది. బావమరిది అలవాటు కొద్దీ ఆగిన రాడ్డును కూడా ఓసారి తుడిచాడు.

బస్సులో మైక్రాన్ గారి ఒళ్ళో రెండు వస్తువులున్నాయి. ఒకటి కంపెనీ ఇచ్చిన గోడ గడియారం, రెండోది గుడ్డల సంచి. సంచిలోంచి నూనె ఊరి ప్యాంటు మీద మరక పడుతుంటే ఆయన దాన్ని అలాగే ఉండనిచ్చాడు.

ఇంటికి రాగానే భార్య బకెట్ దగ్గరికి నడవబోతే "ఉండు, నేను చూస్తాను" అని పెరట్లో గొంతుక్కూర్చున్నాడు. గుడ్డలు నానేసి, సబ్బు రాసి, పిండాడు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఇంకా జిడ్డు పోలేదు. మళ్ళీ రాశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"సబ్బు ఎంత పట్టింది?" అంది.

"బిళ్ళలో మూడొంతులు."

"మరి నేనన్నది?"

"నువ్వన్నది కరెక్టే."

ఆవిడ వచ్చి బకెట్‌కు ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒంచారు. నలభయ్యో ఏట ఆయన చేసిన లెక్క ఒప్పేనని చెప్పగల ఆఖరి సాక్ష్యం బుడగలు బుడగలుగా తూము దాకా పోయి, అక్కడ కాసేపు తిరిగి, లోపలికి జారింది.

"రేపు కూడా గుడ్డలుంటాయా?" అని ఆవిడ అడిగింది.

"ఉండవు" అన్నాడు మైక్రాన్ గారు, బకెట్ బోర్లిస్తూ.